ఏటవాలు అంచులు కోసేటప్పుడు: మేనకోడలికి మామయ్య ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య దీవెనలు.

నీ సీఎన్‌సీ మెషిన్ మీద, అదే కంప్యూటర్ నడిపే చెక్క కోత మెషిన్ మీద, ఏటవాలు అంచులు కోసి నువ్వు పంపిన ఫొటోలు చూశాను. పలకకు ఒక పక్క వాలు వెడల్పుగా, అవతలి పక్క సన్నగా వచ్చింది. బిట్ (తిరుగుతూ చెక్క కోసే కత్తి) కోణం తప్పేమో, ఇంకొకటి కొననా అని అడిగావు. ఇప్పుడే కొనకు. కోణం సంగతి బిట్ చూసుకుంటుంది. వాలు ఎంత వెడల్పు వస్తుందన్నది మాత్రం బిట్ ఎంత లోతుకు దిగిందన్న దాన్నిబట్టే ఉంటుంది. నీ పలక వెడల్పు వచ్చిన వైపు కాస్త ఎత్తుగా ఉండి ఉంటుంది. అంచులు సరిగా రాలేదని ఎవరు చెప్పినా నేను ముందు ఎత్తే చూడమంటాను.

వీ బిట్ అంటే కొస ఇంగ్లిష్ V ఆకారంలో ఉన్న బిట్. 90 డిగ్రీల వీ బిట్ అంటే రెండు పక్కలూ కలిపి 90. నిలువు నుంచి లెక్కేస్తే ఒక్కో పక్క 45. కాబట్టి అది 3 మిల్లీమీటర్లు దిగితే వాలు కూడా 3 మిల్లీమీటర్లు లోపలికి వస్తుంది. పలక 0.3 మిల్లీ పైకి లేచిన చోట అది 3.3 అవుతుంది. మామూలు ఎండ్ మిల్‌తో (నిటారు పక్కలున్న బిట్) గాడి తీసినప్పుడు ఇంత తేడా ఎవరికీ కనపడదు. వాలు అంచు మీద మాత్రం కన్ను ఇట్టే పట్టేస్తుంది. అదే 60 డిగ్రీల బిట్ అయితే 3 మిల్లీ లోతుకు సుమారు 1.7 మిల్లీలే లోపలికి వస్తుంది, వాలు ఇంకా నిటారుగా ఉంటుంది.

అందుకని మెషిన్ మీద పరిచిన అడుగు చెక్కను ముందు వెడల్పాటి బిట్‌తో పైపైన ఒక పొర తీసేసి చదును చెయ్యి. ప్లైవుడ్‌ను నాలుగు మూలలా క్లాంపులతో బిగిస్తే సరిపోదు, నడుమ ఉబ్బి ఉంటుంది. మధ్యలో డబుల్ టేప్ వెయ్యి, లేదా పారేసే భాగంలో స్క్రూలు దించు. బిట్ దారిలో ఆ స్క్రూ తలలు లేకుండా చూసుకో.

బిట్ మార్చిన ప్రతిసారీ జెడ్ సున్నా, అంటే లోతును ఎక్కడి నుంచి లెక్కించాలో మెషిన్‌కు చెప్పే ఎత్తు, మళ్లీ పెట్టాలని నీకు తెలుసు. చాలామంది వదిలేసేది ఇంకొకటుంది. వీ బిట్ మొన నిజంగా మొన కాదు. చాలా బిట్లకు కొసన 0.1, 0.2 మిల్లీ చదును ఉంటుంది. సాఫ్ట్‌వేర్ మాత్రం సూదిమొన అనుకుని లెక్క వేస్తుంది. నీ బిట్ సంగతి తేల్చుకోవడానికి ఒక పని చెయ్యి. చదునైన ఎండీఎఫ్ (చెక్క నారను అదిమి చేసిన పలక) ముక్క మీద ఒక గాడి 1 మిల్లీ లోతుకు, పక్కనే ఇంకొకటి 3 మిల్లీల లోతుకు తియ్యి. రెండింటి వెడల్పూ సన్న కొలతలు చూపే కాలిపర్‌తో కొలువు. 90 డిగ్రీల బిట్ అయితే తేడా సరిగ్గా 4 మిల్లీలు రావాలి. మొన చదునుగా ఉన్నా, సున్నా కాస్త పైకో కిందికో పెట్టినా ఈ తేడా మారదు. 4 వచ్చిందా, కోణం సరైనదే. అప్పుడు మొదటి గాడి 2 మిల్లీలకు బదులు 2.2 ఉంటే జెడ్‌ను 0.1 పైకి జరిపితే చాలు. తేడాయే 4 రాకపోతే అప్పుడు బిట్‌ను అనుమానించు.

ఇక అంచు నున్నగా రావడం గురించి. వీ బిట్‌ను మొనతో కోయనివ్వకు, పక్కతో కోయించు. మొన దగ్గర వ్యాసం దాదాపు సున్నా కదా, ఎన్ని వేల ఆర్‌పీఎంలో (నిమిషానికి తిరిగే చుట్లు) తిరిగినా అక్కడ కోత వేగం ఉండదు. చెక్కను రుద్దుతుంది, నార లేపుతుంది, ఒక్కోసారి కాలుస్తుంది. నీకు 2 మిల్లీల వాలు కావాలంటే మొనను 2 దగ్గర ఆపకు. 3.5 వరకు దించి, బిట్ దారిని అంచు గీత నుంచి 1.5 మిల్లీ బయటికి జరుపు. వాలు అదే 2 మిల్లీలు వస్తుంది, కోసేది మాత్రం బిట్ నడుమ భాగం. ఆ మొన పారేసే చెక్కలో ఎంత గీసుకున్నా మనకేం నష్టం? అందుకే ముక్కను విడదీయకముందే వాలు కొయ్యి. చుట్టూ చెక్క ఉంటే ముక్క కదలదు. తర్వాత ఎండ్ మిల్ పెట్టి, జెడ్ సున్నా మాత్రం మళ్లీ పెట్టి, పక్కలకూ ముందువెనకలకూ ఉన్న సున్నాలు (ఎక్స్, వై) కదపకుండా బయటి గీత కోస్తే సరి.

ఇంటి మెషిన్లు తేలికవి, లోడ్ ఎక్కువైతే వణుకుతాయి. వాలును రెండు మూడు విడతల్లో దించి, చివరికి 0.2 మిల్లీ మాత్రమే ఉంచు. బయటి అంచు అయితే ముందు విడతల్లో ముక్క చుట్టూ గడియారానికి ఎదురు దిశలో, ఆఖరి పలచటి విడతలో గడియారం దిశలో నడిపించు. నార లేవడం చాలావరకు తగ్గుతుంది. గట్టి చెక్క పలక అయితే నారకు అడ్డంగా ఉన్న చివరలు ముందు, నార వెంట ఉన్న పక్కలు తర్వాత. ఆ చివరల్లో విరిగిన పెచ్చు పక్కలు కోసేటప్పుడు పోతుంది. అంచు నల్లబడితే చాలామంది ఫీడ్ (బిట్ ముందుకు జరిగే వేగం) ఇంకా తగ్గిస్తారు, దాంతో ఇంకా కాలుతుంది. ఫీడ్ పెంచు, లేదా ఆర్‌పీఎం తగ్గించు. రెండు పళ్ల బిట్ 18,000 ఆర్‌పీఎంలో ఒక్కో పన్నుకు 0.05 మిల్లీ చొప్పున కోయాలంటే ఫీడ్ నిమిషానికి 1,800 మిల్లీమీటర్లు ఉండాలి. నీ మెషిన్ అంత వేగం మోయలేకపోతే ఆర్‌పీఎం కూడా దించాల్సిందే.

కాడ 6 మిల్లీలున్న బిట్‌ను పావు అంగుళం కొల్లెట్‌లో (బిట్ కాడను పట్టుకునే బిగింపు) బిగించకు. పావు అంగుళం అంటే 6.35. బిగుసుకున్నట్టే ఉంటుంది, కోసేటప్పుడు జారుతుంది. బిట్ మార్చేటప్పుడు స్పిండిల్ (బిట్‌ను తిప్పే మోటారు) పవర్ తీసెయ్యి. జుట్టు ముడి వేసుకో, కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకో, ఎండీఎఫ్ కోస్తుంటే మంచి మాస్క్ తప్పనిసరి. మెషిన్ నడుస్తుండగా గదిలోంచి వెళ్లకు తల్లీ, ఈ ఒక్క మాట మాత్రం తప్పకు.

పెట్టె మూలలు 45 డిగ్రీలలో కలపాలని ఉందన్నావు. అక్కడ స్పిండిల్ నిటారుగా ఉందా లేదా అన్నది బయటపడుతుంది. అది ఒక డిగ్రీ ఒరిగితే గాడికి ఒక గోడ 46, ఇంకోటి 44 అవుతుంది. రెండు అంచులు కలిపి చూడు. లోపల తగులుతూ బయట సందు ఉంటే కోణం తక్కువైంది. బయట కలిసి లోపల సందు ఉంటే ఎక్కువైంది. ఈ రెండోది కాస్త ఉన్నా పైకి కనపడదు.

12 మిల్లీల వ్యాసం ఉన్న 90 డిగ్రీల బిట్‌కు వాలు ఎత్తు 6 మిల్లీలే. 18 మిల్లీల ప్లైవుడ్‌ను అది ఒక్కసారిగా కోయలేదు. పెద్ద బిట్ కొనాలని తొందరపడకు, ఇంటి స్పిండిల్‌కు అది బరువు. 5 మిల్లీల చొప్పున దించుతూ, దించినంతే బయటికి జరుపుతూ పోతే వాలు మొత్తం వస్తుంది. విడతల మధ్య సన్నటి గీతలు మిగులుతాయి. సాండ్‌పేపర్‌ను చదునైన చెక్కకు చుట్టి రుద్దు, చేత్తో పట్టి రుద్దితే వాలు గుండ్రమైపోతుంది. కోసేటప్పుడు పలక మంచి వైపు కిందికి ఉండాలి. అయ్యాక నాలుగు పలకల్నీ మంచి వైపు పైకి పెట్టి వరసగా పేర్చి, అతుకుల మీద మాస్కింగ్ టేప్ అంటించి, తిరగేసి, వాలులో జిగురు రాసి మడిచెయ్యి. ఆరు పలకల పెట్టె అయితే 60 డిగ్రీల బిట్, ఎనిమిదికి 45 డిగ్రీల బిట్ కావాలి.

ముందు ఆ రెండు గాడుల వెడల్పు కొలిచి నాకు రాయి. పెట్టె కొలతలు ఆ తర్వాత వేద్దాం.

మీ మామయ్య