డీజిల్ మసి మెదడు దాకా వెళ్తుందా? ల్యాబ్‌లో నేను చూసింది

ఇంటి ముందే పెద్ద రోడ్డు ఉందని, రోజంతా డీజిల్ పొగేనని, అందులోని కార్బన్ నానో కణాలు మెదడును పాడుచేస్తాయని చదివినప్పటి నుంచి పిల్లల గురించి టెన్షన్‌గా ఉందని మీరు రాశారు. నేను డాక్టర్‌ని కాను. మెదడు కణాలను పెంచి, వాటి మీద కార్బన్ పొడి వేసి చూసే ల్యాబ్‌లో మూడేళ్లు పనిచేశాను. మన భాషలో రెండిటినీ కణాలనే అంటాం కాబట్టి, అయోమయం లేకుండా మసివి రేణువులు, మెదడువి కణాలు అంటాను.

ముందు సైజు సంగతి. మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు. వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. వార్తల్లో వినే పీఎం 2.5 అంటే 2.5 మైక్రాన్లు, అంతకన్నా చిన్నవి. నానో రేణువులు 0.1 మైక్రాన్‌కి లోపలే. గాలి నాణ్యత యాప్ చూపించే పీఎం 2.5 అంకె బరువు లెక్క. 2.5 మైక్రాన్ల రేణువు ఒక్కటి తూగే బరువుకి 50 నానోమీటర్ల (0.05 మైక్రాన్) రేణువులు 1,25,000 కావాలి. అందుకే యాప్‌లో అంకె పెద్దగా కదలకపోయినా, రోడ్డు పక్క గాలిలో ఇవి విపరీతంగా ఉండొచ్చు.

మెదడు దాకా వెళ్తాయా అంటే, కొన్ని వెళ్తాయి. ముక్కు పైభాగంలో వాసన నరాల కొసలు నేరుగా గాలికి తగులుతూ ఉంటాయి, అది దగ్గరి దారి. 2004లో ఓబర్‌డోర్‌స్టర్ అనే శాస్త్రవేత్త బృందం ఎలుకలతో కార్బన్ నానో రేణువులున్న గాలి పీల్పించింది. తర్వాతి వారం రోజుల్లో ఆ కార్బన్ మెదడులోని వాసన కేంద్రంలో కనిపించింది. రెండో దారి ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి. అటు నుంచి చేరేది చాలా కొద్ది భాగమే.

ఇక మెదడు కణాలకు ఏమవుతుందన్నది. కార్బన్ పొడి నీళ్లలో కలవదు, పైన తేలుతుంది, లేదా గడ్డకడుతుంది. అల్ట్రాసౌండ్‌తో విడగొట్టి, మళ్లీ గడ్డకట్టేలోపు డిష్‌లో వేసేయాలి. మొదట్లో న్యూరాన్లు, అంటే మెదడులోని నాడీ కణాలు, మాత్రమే ఉన్న డిష్‌లో వేశాను. మర్నాడు మైక్రోస్కోప్‌లో చూస్తే న్యూరాన్లు అలాగే ఉన్నాయి, వాటి నుంచి సాగే పొడుగాటి తీగలు చెక్కుచెదరలేదు. చుట్టూ నల్లటి చుక్కలు పడి ఉన్నాయంతే. విడి రేణువు మామూలు మైక్రోస్కోప్‌కి అందదు, ఆ చుక్కలు గడ్డలే.

తర్వాత న్యూరాన్లతో పాటు మైక్రోగ్లియా కూడా ఉన్న డిష్‌లో వేశాం. మైక్రోగ్లియా అంటే మెదడుకి కాపలా కణాలు. బయటిది ఏది కనిపించినా మింగేయడం వాటి పని. సన్నటి కాళ్లు చాపుకుని ఉన్నవి కాస్తా గుండ్రంగా ముడుచుకుపోయాయి, ఒక్కోదాని కడుపు నిండా మసి. ఈసారి పక్కనున్న న్యూరాన్ల తీగలు పూసలు గుచ్చినట్టు ఉబ్బి, అక్కడక్కడా తెగి ఉన్నాయి. ఆ రోజు చాలాసేపు కళ్లు తీయలేకపోయాను.

సూక్ష్మజీవి అయితే మింగాక జీర్ణమైపోతుంది, కార్బన్ అరగదు. దాంతో కాపలా కణం మంట (ఇన్‌ఫ్లమేషన్) పుట్టించే రసాయనాలను వదులుతూనే ఉంటుంది. సూపర్ ఆక్సైడ్ లాంటివి. వాటి దెబ్బ న్యూరాన్ మీద పడుతుంది. 2004లోనే బ్లాక్ అనే శాస్త్రవేత్త బృందం డీజిల్ రేణువులతో ఇదే చూపించింది. మైక్రోగ్లియా లేనప్పుడు డోపమైన్ (మెదడులో సంకేతాలు మోసే ఒక రసాయనం) తయారుచేసే న్యూరాన్లకు హాని లేదు, ఉన్నప్పుడే ఉంది. పైగా రోడ్డు మీది మసి మా పొడిలా శుభ్రమైన కార్బన్ కాదు. లోహాలనీ, సగం కాలిన నూనె రసాయనాలనీ అంటించుకుని వస్తుంది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఎన్ని కణాలు బతికున్నాయో రంగుని బట్టి చెప్పే పరీక్ష ఒకటుంది, రంగు తగ్గితే కణాలు చచ్చినట్టు లెక్క. ఒకసారి ఆ పరీక్షలో సగం కణాలు చచ్చిపోయినట్టు వచ్చింది. రెండు వారాలు అదే నిజమనుకున్నాం. చివరికి కణాలే లేని డిష్ గుంటలో ఆ రంగునీ కార్బన్‌నీ కలిపి చూస్తే రంగు తగ్గిపోయింది. కార్బనే దాన్ని పట్టేసుకుంటోంది! డిష్‌లో వేసే మోతాదు కూడా గాలి ద్వారా మెదడుకి చేరేదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. కాబట్టి మీరు చదివినట్టు రేణువు వెళ్లగానే కణం చచ్చిపోదు. ఏళ్ల తరబడి ఆరని మంటే అసలు భయం.

మనుషుల్లో చూస్తే, కెనడాలోని ఒంటారియో అధ్యయనం 2017లో వచ్చింది. పెద్ద రోడ్డుకి 50 మీటర్లలోపు ఉన్నవాళ్లలో డిమెన్షియా (మతిమరుపు జబ్బు), 300 మీటర్లు దాటి ఉన్నవాళ్లకన్నా సుమారు 7 శాతం ఎక్కువ కనిపించింది. ఒక్క మనిషికి అది చిన్న తేడా. ఊరంతటికీ చిన్నది కాదు.

మీ ఇంట్లో చేయగలిగినవి ఉన్నాయి. ట్రాఫిక్ ఎక్కువున్న గంటల్లో రోడ్డు వైపు కిటికీలు మూసేయండి, రద్దీ తగ్గాక తెరవండి. హెపా ఫిల్టర్ (చాలా సన్నటి రేణువులను పట్టే ఫిల్టర్) ఉన్న ఎయిర్ ప్యూరిఫైయర్ పనిచేస్తుంది. ఇంత చిన్నవి ఎలా ఆగుతాయని చాలామంది అనుమానపడతారు. నానో రేణువులు గాలిలో తిన్నగా వెళ్లవు, అటూ ఇటూ కొట్టుకుంటూ వెళ్లి ఫిల్టర్ పీచులకు అతుక్కుపోతాయి. గుడ్డ మాస్క్‌ని నమ్ముకోవద్దు. ఎన్95 అయితే బుగ్గల దగ్గర సందు లేకుండా చూడండి. కొవ్వొత్తులు కూడా ఇవే రేణువులను వదులుతాయి, మూసిన గదిలో వెలిగించకండి.

పిల్లలు పడుకునే గది రోడ్డు వైపు ఉందో, వెనక ఉందో మీరు రాయలేదు. రోడ్డు వైపైతే, వెనక గది ఖాళీ ఉంటే, ఈ రాత్రే పడకలు అటు మార్చేయండి.