వయసు 44. వెయిట్స్, కరాటే రెండూ కొనసాగించవచ్చా, ఏదో ఒకటి వదిలేయాలా?

ఏదీ వదలక్కర్లేదండీ. కాకపోతే మీరిప్పుడు చేస్తున్న పద్ధతిలో మాత్రం రెండూ ఎక్కువ కాలం సాగవు. మీరు రాసినదాన్ని బట్టి ఇరవైల నుంచీ జిమ్ము, కరాటే రెండూ ఉన్నాయి, వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం, ఈమధ్య కుడి భుజం, ఎడమ మోకాలు సతాయిస్తున్నాయి, ఇంట్లోవాళ్లేమో "ఈ వయసులో ఇంకా ఈ గంతులెందుకు" అంటున్నారు. నాకు యాభై దాటాయి. హిందూపురంలో గరిడీలో (పాతకాలపు వ్యాయామశాల) వస్తాదు దగ్గర దండీలు, బస్కీలు, కర్రసాముతో మొదలుపెట్టి, ఉద్యోగానికి బెంగళూరు వచ్చాక బార్‌బెల్, కరాటే పట్టుకుని, నలభైకి కాస్త ముందు జూడోలో కూడా దిగాను. నేను డాక్టర్ని కాదు, కాబట్టి ఇదంతా నా ఒంటి మీద, నాతో పాటు చేసేవాళ్ల మీద చూసిన సంగతిగా తీసుకోండి.

నలభై దాటితే బలం పోతుందని అందరూ భయపెడతారు గానీ, ఆపకుండా చేసేవాడికి బలం అంత తొందరగా పోదు. ముందు తగ్గేది కోలుకునే వేగం. పాతికలో శనివారం స్పారింగ్ (ఎదుటి మనిషితో తలపడే సాధన) చేసి ఆదివారం స్క్వాట్ చేసినా సోమవారానికి ఏమీ తెలిసేది కాదు, ఇప్పుడు అదే చేస్తే బుధవారం దాకా మెట్లు దిగేటప్పుడు గుర్తుచేస్తూనే ఉంటుంది. ఇందులో ఇంకో చిక్కు ఉంది. కండరానికి రక్తం బాగా అందుతుంది, కొన్ని వారాల్లోనే బలపడుతుంది. దాన్ని ఎముకకు కట్టి ఉంచే టెండన్‌కి అంత రక్తం అందదు, అది నెలల మీద గానీ మారదు. అందుకే మీ ఛాతీ ఎత్తగలిగిన బరువు, మీ భుజం టెండన్ భరించగలిగిన బరువు ఒకటి కాదు. మన వయసువాళ్లు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే.

మీ భుజం సంగతే చూద్దాం. సోమవారం బెంచ్ ప్రెస్ అన్నారు, మంగళవారం క్లాసులో పిడికిళ్ల మీద పుషప్‌లు, ఆపైన గాలిలో వందల కొద్దీ పంచ్‌లు. రెండు వేర్వేరు వ్యాయామాలు అనుకుంటున్నారు గానీ, భుజానికి మాత్రం అది వరసగా రెండు రోజులు ఒకటే పని: ముందుకు తోయడం. గాలిలో పంచ్ కొట్టినప్పుడు ఎదుట ఆపేది ఏమీ ఉండదు కాబట్టి ఆ వేగాన్ని ఆపే బాధ్యత కూడా భుజం వెనక కండరాలదే. జిమ్ములో తోసే ప్రతి సెట్‌కీ కనీసం రెండు సెట్లు లాగేవి చేయండి, రోయింగ్ ఏ రకమైనా సరే. బార్‌బెల్ బెంచ్ బదులు డంబెల్స్, అరచేతులు ఎదురెదురుగా ఉండేలా. గరిడీలో తిప్పే గద తేలికపాటిది దొరికితే దాన్ని మించిన వార్మప్ భుజాలకు లేదని నా నమ్మకం, జిమ్ములో కుర్రాళ్లు వింతగా చూస్తారు, చూడనివ్వండి.

ఇప్పుడు మోకాలు. స్క్వాట్ వల్లేనని మీరు తేల్చేశారు, నాకు అనుమానమే. రౌండ్‌హౌస్ కిక్ (పక్క నుంచి కాలు తిప్పి కొట్టేది) కొట్టేటప్పుడు నేల మీదున్న పాదం మడమ కూడా తిరగాలి కదా, ఫోమ్ మ్యాట్ మీద వట్టి పాదం అతుక్కుని సరిగా తిరగదు, పై శరీరం తిరిగిపోతుంది, మధ్యలో మెలిపడేది మోకాలే. మీరు కుడికాలితో కిక్ ఎక్కువ కొడతారు, నొప్పి ఎడమ మోకాలికి. ఒకసారి వీడియో తీసి చూసుకోండి. కిక్ ఎత్తు కూడా తగ్గించండి. తుంటి ఎముక ఆకారం ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది, అది స్ట్రెచింగ్‌తో మారేది కాదు, తలకి తగిలే కిక్ ఈ వయసులో ఎవరికి చూపించాలండీ?

వెయిట్స్ మాత్రం తగ్గించొద్దు, పద్ధతి మార్చండి. వ్యాయామం లేనివాళ్లలో ముప్ఫైల నుంచి పదేళ్లకి సుమారు 3 నుంచి 8 శాతం కండ తగ్గుతుందని లెక్క, అరవై దాటాక ఆ వేగం పెరుగుతుంది. పైగా తిన్న పిండిపదార్థం నుంచి వచ్చే చక్కెరని ఎక్కువగా పీల్చుకునేది కండరాలే, సుగర్ ఇంటింటా ఉన్న మనలాంటివాళ్లకి అదొక్కటే చాలు బరువులు ఎత్తడానికి. ఒక్కసారి ఎత్తగలిగిన గరిష్ఠ బరువు చూసుకునే సరదా మానేయండి. సెట్‌కి 6 నుంచి 10 రెప్స్ (అన్నిసార్లు ఎత్తడం), ఇంకో రెండు ఎత్తగలను అనిపించేటప్పుడు ఆపండి. ఊపిరి బిగబట్టి ఎత్తితే ఆ కాసేపు బీపీ బాగా పైకెళ్తుంది, కాబట్టి బీపీ చూపించుకుని మరీ ఎత్తండి. పిక్కల వ్యాయామం ఎవరూ చేయరు గానీ మీరు తప్పకుండా చేయాలి, ఎందుకంటే మడమ వెనకుండే అకిలీస్ టెండన్ తెగేది ఎక్కువగా 30-50 మధ్య మగవాళ్లకే, అదీ ఇలా ఎగిరి దూకే ఆటల్లోనే.

వారంలో గట్టి రోజులు రెండో మూడో ఉండాలి, అంతే. కాళ్ల రోజు, స్పారింగ్ రోజు పక్కపక్కన పెట్టొద్దు. మిగతా రోజులు కతా (ఒంటరిగా చేసే కరాటే కదలికల వరస), నడక, తేలికపాటి డ్రిల్స్. కతా అంటే కుర్రాళ్లకి బోరు, నలభై దాటాక దాని విలువ తెలుస్తుంది. స్పారింగ్ మానక్కర్లేదు, మనిషిని ఎంచుకోండి. బెల్టు పరీక్షకి తయారవుతున్న ఇరవై రెండేళ్లవాడితో వద్దు. తలకి దెబ్బలు అసలు వద్దు. బ్రెజిలియన్ జియు-జిట్సు పోటీల్లో 30 దాటితేనే మాస్టర్స్ విభాగంలో వేస్తారు, ఆ లెక్కన మనం ఎప్పుడో సీనియర్లం. వీలైతే జూడోవాళ్ల దగ్గర పడటం నేర్చుకోండి. నేను నేర్చుకున్నవాటిలో డెబ్బైలో కూడా పనికొచ్చేది అదొక్కటే అనిపిస్తుంది, బాత్రూములో జారినప్పుడు పంచ్ పనికిరాదు.

తిండి గురించి ఒక్క మాట. "పప్పు తింటున్నాం కదా" అంటారు, ఒక గిన్నె పప్పులో పది గ్రాముల ప్రోటీన్ కూడా ఉండదు. బరువులు ఎత్తేవాళ్లకి కిలో ఒంటి బరువుకి సుమారు 1.6 గ్రాములు కావాలంటారు, మీ 75 కిలోలకి 120 గ్రాములు. గుడ్డుకి 6 గ్రాములు, ఇక లెక్కేసుకోండి. నిద్ర సంగతి చెప్పక్కర్లేదు, రాత్రి తొమ్మిదికి క్లాసు అయ్యి, ట్రాఫిక్ ఈది, పదిన్నరకి తిని, పొద్దున ఐదున్నరకి జిమ్ము అంటే ఏ టెండన్ బాగుపడుతుంది? ఆ పొద్దుటి జిమ్ముని శని, ఆదివారాలకి మార్చండి.

ఇంట్లోవాళ్లకి చెప్పడానికి ఒక పేరు ఇస్తాను. ఈ ఊళ్లోనే వ్యాయామశాల నడిపిన కె.వి. అయ్యర్ గారు బరువులతో పాటు సూర్యనమస్కారాలూ చేయించారు, 1980లో పోయేనాటికి ఎనభై దాటాయి. వాదన గెలుస్తారని గ్యారంటీ లేదు, మా ఇంట్లో నేను గెలవలేదు, చేయడం మాత్రం ఆపలేదు.

భుజం విషయంలో ఇది గమనించి కింద రాయండి: చెయ్యి పక్క నుంచి పైకెత్తుతుంటే మధ్యలో మాత్రమే నొప్పి వచ్చి పైకెళ్లాక తగ్గుతోందా? రాత్రి ఆ వైపు పడుకుంటే మెలకువ వస్తోందా? చేతిలో బలం తగ్గినట్టుందా? మూడోదానికి అవును అయితే ఈ వారం క్లాసు మానేసి ముందు ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించండి, షెడ్యూల్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం.