కౌలాలంపూర్‌లో హ్యాష్ రన్‌కి పోవాలా వద్దా అని అడిగిన ఒంగోలు చెల్లికి

చెల్లీ, నువ్వు రాసింది చదివా, ఉద్యోగానికని కౌలాలంపూర్ పోయి మూడు నెలలైంది, ఆఫీసూ రూమూ తప్ప ఇంకేం తెలీదు, ఎవరో హ్యాష్ రన్‌కి, అదే గుంపుగా గుర్తులు పట్టుకుని పరిగెత్తే ఆటకి రమ్మన్నారు, కానీ నేను తాగను, పరిగెత్తలేను, పోవచ్చా అని. పోవచ్చు, పో. నాది కావలి, ఆ ఊళ్ళో నాలుగేళ్ళు ఉండా, అందులో మూడేళ్ళు వారం వారం హ్యాష్‌కి పోయినదాన్ని.

ఈ హ్యాష్ హౌస్ హ్యారియర్స్ అనేది పుట్టిందే నువ్వుండే ఊళ్ళో, 1938లో. గిస్పర్ట్ అని ఒకాయనా ఇంకొంతమంది బ్రిటిష్ వాళ్ళూ కలిసి సోమవారం సాయంత్రాలు మొదలుపెట్టారు, వాళ్ళు భోంచేసే సెలంగూర్ క్లబ్బు వాళ్ళ మెస్‌ని హ్యాష్ హౌస్ అనేవాళ్ళంట, ఆ పేరే దీనికి పడింది. గిస్పర్ట్ 1942లో సింగపూర్ యుద్ధంలో చనిపోయాడు, మిగిలినోళ్ళు యుద్ధం అయ్యాక మళ్ళీ నిలబెట్టారు, ఇప్పుడు లోకమంతా ఉండాయి. ఆ మొదటి సోమవారం గ్రూపు మాత్రం మగోళ్ళకే. నువ్వు ఆడా మగా కలిసి పరిగెత్తే దాంట్లోకి పో, లేదంటే ఆడవాళ్ళు మొదలుపెట్టిన హ్యారియెట్స్ అని ఉంది, అక్కడికి పో.

పరిగెత్తలేను అన్నావే, దానికి ఈ ఆటలోనే ఉపాయం ఉంది. హేర్ అని ఒకరు ముందే పోయి దారి పొడుగునా గుర్తులు వేసొస్తారు, అడివిలో అయితే కాగితం ముక్కలు, టౌన్లలో పిండో సుద్దముక్కో. మిగతా అందరం ఆ గుర్తులు పట్టుకుని పోవాలి. ఉన్నట్టుండి ఒకచోట గుర్తులు ఆగిపోతాయి, దాన్ని చెక్ అంటారు, అక్కడి నుంచి అసలు దారి ఎటో ఎవరికీ తెలీదు, కొన్ని దొంగ దారులు కూడా వేసి ఉంటారు. బాగా పరిగెత్తేవాళ్ళు నాలుగు పక్కలా పోయి వెతుక్కుంటా ఉంటే మెల్లిగా నడిచేవాళ్ళం వెనకనుంచి వచ్చి కలుస్తాం, వెనక ఉన్నోళ్ళు 'ఆర్ యూ?' అని, అంటే దారి దొరికిందా అని అరుస్తారు, దొరికినోళ్ళు 'ఆన్ ఆన్' అని, అంటే ఇటే దారి అని అరుస్తారు, ఆ కేక పట్టుకుని అందరం మళ్ళీ కదులుతాం. చిన్నప్పుడు మా వీధిలో ఆడిన దొంగా పోలీసే గుర్తొచ్చేది నాకు. దీంట్లో ఎవరు ఫస్టు అని ఎవరూ చూడరు.

నా మొదటి రన్ పామాయిల్ తోటలో. ఆరింటికి మొదలైంది, అక్కడ ఏడుంబావుకల్లా పొద్దుకూకుతుంది, నేను వెనకబడిపోయి కాగితాలు కనపడక, ఏ వరస చూసినా ఒకటే మాదిరి చెట్లు, కాళ్ళకి జలగలు, నాకు ఏడుపొచ్చేసింది. అప్పుడు ఒక టార్చి లైటు వెనక్కి వచ్చింది. మా పెదనాయన వయసుండే చైనీస్ అంకుల్, అందరూ చేరాక లెక్కపెట్టుకుంటే ఒక మనిషి తక్కువొచ్చిందని నాకోసం వచ్చాడు. ఆఖరి మనిషి వచ్చేదాకా ఎవరూ బండి తియ్యలేదు. ఆ ఊళ్ళో అప్పటికి నేను వచ్చానా పోయానా అని చూసుకునే మనిషి ఒక్కరు లేరు చెల్లీ, ఆ రోజు ఆ లెక్కలో నేనూ ఉండా. తర్వాత నాయనకి బాగలేక రెండు వారాలు పోకపోతే ఫోన్ చేసి మరీ కనుక్కున్నారు.

ఇంక తాగుడు. రన్ అయ్యాక గుండ్రంగా నిలబడతారు, కొత్తవాళ్ళనీ తప్పు చేసినోళ్ళనీ మధ్యలోకి పిలిచి డౌన్ డౌన్ అని ఒక్క గుక్కలో తాగిస్తారు. బీరే అక్కర్లేదు, నేను మూడేళ్ళూ హండ్రెడ్ ప్లస్ అనే అక్కడి కూల్‌డ్రింకే తాగా, ముందే చెప్తే చాలు. కొత్త బూట్లు మాత్రం వేసుకోకు, ఆ బూట్లోనే పోసి తాగమంటారు. బూతు పాటలు ఉంటాయి, అది దాచను. నేను మొదట పోయిన గ్రూపులో అవి మరీ ఎక్కువై, నచ్చక మానేసి ఇంకోదానికి మారా, నువ్వూ రెండు మూడు చూసి ఎంచుకో. కొన్నాళ్ళకి ఒక పేరు కూడా పెడతారు, వినలేని పేరైతే మొహమాటం లేకుండా వద్దని చెప్పు. నేను ప్రతిసారీ మా అమ్మ పెట్టిన ఉసిరికాయ పచ్చడి తీసుకుపోయేదాన్ని, పికిల్ అని పెట్టారు, ఇప్పటికీ మెసేజిల్లో అదే.

టార్చీ, విజిలూ, నీళ్ళూ, ఒక జత పొడి బట్టలూ, పొడుగు సాక్సులూ పెట్టుకో. మొదటిసారి ఒక్కదానివే పోకుండా నిన్ను పిలిచినామెతోనే పోయి ఆమెతోనే తిరిగిరా.

పోయిన సంక్రాంతికి మా అక్క పిల్లల్ని తుమ్మలపెంట సముద్రం దగ్గరికి తీసుకుపోయి, సర్వితోపులో ముగ్గుపిండితో గుర్తులు వేశా, రెండు దొంగ దారులు కూడా పెట్టా. అందరికన్నా చిన్నోడికి ఐదేళ్ళు, పెద్దోళ్ళు దొంగ దారిలో పోయి తిరిగొచ్చేలోపు వాడికే అసలు దారి దొరికింది. ఆన్ ఆన్ అనడం నోరు తిరగక 'ఆనానా, ఆనానా' అని అరుస్తా ఇసకలో పరిగెత్తాడు.