బీఎస్సీ జువాలజీ అయ్యాక పబ్లిక్ హెల్త్: అది దోమల మందు కొట్టించే ఉద్యోగమేనా?

పాలకొల్లు దగ్గర నుంచి ఒక నాన్నగారు అడిగారు. అమ్మాయి బీఎస్సీ జువాలజీ ఫైనలియర్, నీట్‌లో సీటు రాలేదు, లెక్కలంటే భయం, ఇప్పుడు పబ్లిక్ హెల్త్ చదువుతానంటోంది, దోమల మందు కొట్టించడానికి పీజీ ఎందుకండి, బీఈడీ చేయించేస్తే పోతుంది కదా అని.

అయ్యా, ఆ దోమల మందు దగ్గరే మొదలుపెడతాను. పొగ కొడితే ఆ పూటకి ఎగిరే దోమలు చస్తాయి, నీళ్లలో ఉన్న లార్వాకి, అంటే దోమ పిల్లపురుగులకి, ఏమీ అవ్వదు, నాలుగు రోజులకి మళ్లీ మామూలే. డెంగీ దోమ నిలవున్న మంచినీళ్లలో గుడ్లు పెడుతుంది, ఇంట్లో డ్రమ్ములు, పాత టైర్లు, మన కొబ్బరితోటల్లో పారేసిన చిప్పలు, దాని గుడ్లు అంచుకి అంటుకుని నీళ్లు ఎండిపోయినా నెలల తరబడి బతికుంటాయి, అందుకే డ్రమ్ము ఒంపేస్తే చాలదు, లోపల తోమాలి. బోదకాలు తెచ్చే క్యూలెక్స్ దోమకి మురుగు కావాలి, డ్రైనేజీ, సెప్టిక్ ట్యాంకు, ఆ ట్యాంకు గాలి గొట్టానికి వల కట్టించాలి. ఒకే ఊళ్లో రెండు జబ్బులకి రెండు వేరే పనులు. ఏ ఊళ్లో ఏది చెయ్యాలో లార్వాని చూసి చెప్పగలిగేది జువాలజీ చదివిన మనిషే కదండి.

ఫైలేరియా, అంటే ఆ బోదకాలే, మన డెల్టాకి కొత్తేం కాదు. దానికి రక్తం రాత్రిపూటే తీస్తారు, ఎందుకంటే ఆ సూక్ష్మ క్రిములు పగలు ఊపిరితిత్తుల్లో దాక్కుని, రాత్రి క్యూలెక్స్ కుట్టే వేళకి చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. ఆ జబ్బుకి వాడే డీఈసీ మందు 1947లో బయటికొచ్చింది, అమెరికాలో లెడర్లీ కంపెనీలో ఆ పరిశోధన నడిపించింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే. మందైతే దొరికింది, కానీ అది ఆ సూక్ష్మ క్రిముల్ని చంపినంతగా వాటిని కనే పెద్ద పురుగుల్ని చంపదు, అవి ఏళ్ల తరబడి ఒంట్లో ఉంటాయి, అందుకే రెండేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, బాగా జబ్బుగా ఉన్నవాళ్లు తప్ప, ఏడాదికోసారి ఊరందరికీ, జబ్బు లేదనుకునేవాళ్లకి కూడా మింగించాలి. "నాకు బానే ఉంది కదమ్మా, నాకెందుకు" అనే మనిషిని గుమ్మంలో నిలబడి ఒప్పించడమే ఈ ఉద్యోగంలో కష్టమైన భాగం, నాకు చాలా గౌరవం ఉన్న భాగం కూడా.

ఇక చదువు సంగతి. పుదుచ్చేరిలో ఐసీఎంఆర్ వాళ్ల వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్‌లో ఎమ్మెస్సీ పబ్లిక్ హెల్త్ ఎంటమాలజీ ఉంది, అంటే జబ్బులు తెచ్చే దోమల్లాంటి కీటకాల చదువు, రెండేళ్లు, మీ అమ్మాయికి నేనైతే ముందు అదే చూడమంటాను. ఎంపీహెచ్, అంటే మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఉంది, పుదుచ్చేరి జిప్మర్‌లో ఉంది, ఇంకా చాలాచోట్ల ఉంది, కాకపోతే కొన్నిచోట్ల మెడికల్, డెంటల్, నర్సింగ్ వాళ్లనే తీసుకుంటారు కాబట్టి ఫీజు కట్టేముందు అర్హత లైను చదవండి. ఎంపీహెచ్ చేస్తే డాక్టరైపోరు, మందులు రాయకూడదు, ఇది ఆ అమ్మాయికి ముందే స్పష్టంగా ఉండాలి.

ఉద్యోగాలు చాలావరకు కాంట్రాక్టువేనండి, ఏటా రెన్యువల్. జిల్లాల్లో కొన్ని ఎపిడెమియాలజిస్ట్ పోస్టులు, అంటే జబ్బు ఎక్కడ ఎలా పాకుతోందో లెక్కగట్టేవి, డాక్టర్లకే ఇస్తారు. పర్మనెంట్ ఒక్కటే మీ లెక్క అయితే బీఈడీ వైపు మీ మొగ్గు నాకర్థమవుతుంది, కానీ ఇష్టం లేని పిల్లని క్లాసులోకి తోసేస్తే అటు పిల్లలకీ మంచిది కాదు. ఎంటమాలజీ చేసినవాళ్లకి రీసెర్చ్ ప్రాజెక్టులు, పీహెచ్‌డీ, దోమల నియంత్రణ విభాగాలు, ఈ దారులుంటాయి.

అప్లై చేసేలోపు ఒక పని చేయించండి. ఈ వానాకాలం మీ పీహెచ్‌సీలో అడిగి, శుక్రవారం డ్రై డే రోజున, అంటే నీళ్ల పాత్రలన్నీ ఒంపి ఆరబెట్టే రోజున, ఆశా కార్యకర్తతో ఇల్లిల్లూ తిరగమనండి, ఎన్ని ఇళ్లు చూశారు, ఎన్నింట్లో లార్వా దొరికింది, ఏ పాత్రలో దొరికింది, అన్నీ ఎక్సెల్‌లో వేసుకోమనండి. లెక్కలంటే భయమని రాశారు కదా, స్టాటిస్టిక్స్ లేకుండా ఈ కోర్సు గట్టెక్కదు, అది ఇక్కడే మొదలవుతుంది. ఎండలో బురదలో తిరిగి వచ్చి కూడా మళ్లీ వారం వెళ్తానంటే ఇంకేం ఆలోచించకండి, పుదుచ్చేరి నోటిఫికేషన్ కోసం చూడండి.