డోసుల మధ్య గ్యాప్ అన్నారు కాబట్టి మా అమ్మ సంగతి చెప్పాలి

కోవిడ్ టీకా కోవిషీల్డ్ రెండు డోసుల మధ్య నెల గ్యాప్ ఉంటే మంచిదా, మూడు నెలలు ఉంటేనా, యాంటీబాడీలు దేనికి ఎక్కువ వస్తాయి అని అడిగారు. మూడు నెలలకే. మా ఇంట్లో రెండూ జరిగాయి, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మాది తెనాలి దగ్గర పల్లె. నాన్నకి అరవై దాటాయి కాబట్టి 2021 మార్చి మొదట్లోనే వేయించుకున్నారు, నెల తిరిగేసరికి రెండోది కూడా అయిపోయింది. అమ్మకి 56, ఆవిడకి ఏప్రిల్ 14న మొదటిది పడింది. అప్పటికి గ్యాప్ ఆరు నుంచి ఎనిమిది వారాలు అన్నారు. ఆరు వారాలు నిండగానే మే నెలాఖరులో వెళ్లింది. పన్నెండు దాటితే కర్ఫ్యూ, అందుకని తెల్లారి ఆరింటికే వెళ్లి, వరసలో చెప్పులు పెట్టి చెట్టు కింద కూర్చుంది. పదిన్నరకి వంతు వస్తే, కంప్యూటర్ దగ్గర కుర్రాడు ఫోన్ నంబరు కొట్టి చూసి "84 రోజులు కాలేదమ్మా, జులైలో రండి" అన్నాడు. మే 13న రూలు మళ్లీ మారిందని ఆవిడకి ఎవరు చెప్పారు? ఎందుకు మారిందో అక్కడ ఒక్కరూ చెప్పలేదు. స్టాకు లేక సాకులు చెబుతున్నారని ఊరంతా అనుకున్నారు. మా వీధిలో అప్పటికే రెండు చావులు. హైదరాబాద్‌లో ఉన్న నాకు ఫోన్ చేసి "జులై దాకా బతికుండాలి కదరా" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

స్టాకు కొరత నిజమే, కానీ గ్యాప్ పెంచడానికి ఆధారం కూడా ఉంది. ఈ టీకా కనిపెట్టిన ఆక్స్‌ఫర్డ్ వాళ్లు ఆ ఫిబ్రవరిలోనే లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు: ఆరు వారాల లోపు రెండోది వేస్తే రక్షణ సుమారు 55 శాతం, పన్నెండు వారాలు దాటాక వేస్తే 81. మొదటి డోసుకి పుట్టిన రోగనిరోధక కణాలు ముదరడానికి టైం కావాలి, అవి ముదిరాక రెండోది పడితే యాంటీబాడీలు బాగా పెరుగుతాయి. ఈ నాలుగు ముక్కలు ఆ చెట్టు కింద కూర్చున్నవాళ్లకి తెలుగులో ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది! అలాగని అమ్మ భయం ఉత్తదీ కాదు. డెల్టా అనే కొత్త రకం కరోనా మీద ఒక్క డోసు సరిగా పనిచేయదనే బ్రిటన్ వాళ్లు ఆ మేలోనే యాభై దాటినవాళ్లకి గ్యాప్ పన్నెండు నుంచి ఎనిమిది వారాలకి తగ్గించారు.

అమ్మకి జులై 7న రెండోది పడింది. ఆగస్టులో ఇద్దరికీ యాంటీబాడీ టెస్ట్ చేయించాను. మొదటి రిపోర్టు ఇద్దరికీ "నాన్ రియాక్టివ్", అంటే యాంటీబాడీలు కనపడలేదని. అమ్మ ఆ కాగితం పట్టుకుని ఏడ్చేసింది. తీరా చూస్తే ల్యాబ్ వాళ్లు చేసింది న్యూక్లియోక్యాప్సిడ్ టెస్ట్, అంటే వైరస్ లోపలి ప్రోటీన్‌కి పుట్టే యాంటీబాడీలు వెతికేది. కోవిషీల్డ్ వైరస్ పైన ముళ్లలా ఉండే స్పైక్ ప్రోటీన్‌కి మాత్రమే యాంటీబాడీలు పుట్టిస్తుంది, ఈ టెస్ట్‌లో అవి కనపడనే కనపడవు. డబ్బులు తీసుకునేటప్పుడు ఆ మాట చెప్పాలా వద్దా? అడిగితే ఫుల్ బాడీ ప్యాకేజీలో అదే వస్తుంది సార్ అన్నారు. ఈ ప్యాకేజీల పిచ్చి ఎప్పుడు పోతుందో.

మళ్లీ రక్తం ఇచ్చి స్పైక్ టెస్ట్ చేయిస్తే యాంటీబాడీల లెక్క నాన్నకి 200 చిల్లర, అమ్మకి వెయ్యికి దగ్గర. నాన్న డోసు పాతది కాబట్టి తగ్గి ఉంటుంది అని మా బావ అన్నాడు. కొంత నిజమే, కానీ అంత తేడా దాని ఒక్కదాని వల్లే వచ్చిందంటే నేను ఒప్పుకోను. పైగా మొదటి టెస్ట్‌లో ఇద్దరికీ ఏమీ లేదంటే కోవిడ్ వచ్చిపోయిన జాడ లేదనేగా, అంటే ఆ వెయ్యీ టీకాదే.

కోవాగ్జిన్ వేసుకున్నవాళ్లు మాత్రం ఈ లెక్క పట్టుకోకండి. దాని గ్యాప్ నాలుగు నుంచి ఆరు వారాలే, అందులో ఉన్నది చంపిన వైరస్ మొత్తం కాబట్టి కోవిడ్ రాకపోయినా న్యూక్లియోక్యాప్సిడ్ టెస్ట్‌లో రియాక్టివ్ అని రావచ్చు. ఏ టీకా అయినా సరే, రక్తం ఇచ్చేముందు అది స్పైక్ టెస్టేనా అని కౌంటర్ దగ్గరే అడగండి.