వీడియో పాఠాలు విద్యార్థులకు అర్థమయ్యేలా ఉండాలంటే ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి?

సాఫ్ట్‌వేర్ ఏదైనా ఒకటే. జీవశాస్త్రం బోధిస్తూ, వీడియో పాఠాల తయారీలోనూ పాలుపంచుకుంటున్న నా దృష్టిలో, తెర మీద నుంచి మీరు ఎంత తీసివేయగలరన్నదాన్ని బట్టే పాఠం పిల్లలకు అందుతుంది.

గుండెలో రక్తప్రసరణ గురించి మా బృందం ఒక పాఠం సిద్ధం చేసింది. కుడి కర్ణిక అనే పై గదిలోకి చేరిన రక్తం కుడి జఠరిక అనే కింది గది గుండా ఊపిరితిత్తులకు వెళ్లి, ఎడమ కర్ణికకు తిరిగి రావడం యానిమేషన్‌లో చక్కగా కనిపిస్తుంది. అయితే వ్యాఖ్యాత చెప్పే ప్రతి వాక్యమూ పొల్లుపోకుండా బొమ్మ కింద నడుస్తుంది, వెనక సంగీతం వినిపిస్తూనే ఉంటుంది. దాన్ని తరగతిలో వేసినప్పుడు నేను తెరను వదిలి పిల్లల కళ్లనే గమనించాను. దాదాపు అందరి చూపులూ అక్షరాల వెంటే పరుగెత్తుతున్నాయి. ముందు వరుసలోని ఒక అమ్మాయి మాత్రం నోటుపుస్తకాన్ని కళ్ల ముందు కాస్త ఎత్తి పట్టుకుని ఆ అక్షరాలకు అడ్డం పెట్టుకుంది. ఎందుకని అడిగితే, “అవి కనిపిస్తే చదవకుండా ఉండలేను టీచర్, చదువుతూ ఉంటే కవాటం ఎప్పుడు మూసుకుందో చూడలేను” అంది. కవాటమంటే రక్తం వెనక్కి రాకుండా ఆపే తలుపు లాంటిది.

శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ మేయర్ తన ప్రయోగాలతో చెప్పినదీ ఇదే: బొమ్మను చూస్తూ వివరణ వింటున్నవారికి అదే వివరణను అక్షరాల్లోనూ చూపితే అవగాహన పెరగకపోగా తగ్గుతుంది. అప్పటికప్పుడు మనసులో పట్టి ఉంచుకోగలిగేది చాలా కొద్ది కనుక, అనవసరమైన భారం మోపితే నేర్చుకోవడానికి చోటు మిగలదని విద్యా మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ స్వెల్లర్ 1988లోనే వాదించారు. అయినా మూలన నిలబడి చేతులు ఊపే కార్టూన్ బొమ్మ లేకపోతే పాఠం బోసిగా ఉందనేవారికి, పాఠం రాయకముందే ఖరీదైన పరికరాలు కొనేవారికి కొదవ లేదు.

మేము ఆ వాక్యాలను, సంగీతాన్ని తొలగించి, గదుల పేర్లను ఆయా గదుల పక్కనే ఉంచాము. ప్రతి దశ ముగిశాక వీడియో ఆగి, విద్యార్థి బటన్ నొక్కితేనే ముందుకు సాగేలా మార్చాము. తర్వాత చూసిన తరగతి అడిగిన ప్రశ్నలన్నీ కవాటాల గురించే. నాకు అంతకన్నా రుజువు అక్కర్లేదు.

వినికిడి లోపం ఉన్నవారికి, బోధనాభాష కొత్తగా నేర్చుకుంటున్నవారికి సబ్‌టైటిల్స్ అవసరమే కనుక, వాటిని చెరిపివేయకుండా కావలసినవారు తెరుచుకునేలా ఉంచాలి. అలాగే విషయం ముందే తెలిసినవారికి ఈ అంచెలంచెల వివరణే అడ్డంకి అవుతుంది. పునశ్చరణకు వచ్చినవారికి పేర్లు లేని బొమ్మ ఇచ్చి, రక్తం వెళ్లే దారిని వారిచేతనే చెప్పించడం మేలు.

ఇంతకీ సాఫ్ట్‌వేర్ అంటారా, దశల మధ్య ఆపే వీలు, సబ్‌టైటిల్స్‌ను వేరే ఫైలుగా జతచేసే వీలు ఉంటే మీ దగ్గర ఇప్పటికే ఉన్నదే సరిపోతుంది.