బిళ్ళగన్నేరును గన్నేరు అని రాయవచ్చా?

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ పత్రికకు మొక్కల మందుల గురించి రాస్తూ "గన్నేరు ఆకులోని క్షారాలు రక్తక్యాన్సర్‌కు మందు" అన్నాను. పక్కింటి తమిళులు ఆ మొక్కను నిత్యకల్యాణి అంటారు. ఆల్కలాయిడ్లను క్షారాలు అనవచ్చా? ఏ పేరు వాడాలి?
– ఒక పాఠకురాలు, మాంబలం, చెన్నై

సమాధానం: అనకూడదమ్మా. క్షారమంటే ఆల్కలీ, కాస్టిక్ సోడా లాంటిది. ఆల్కలాయిడ్లు ఎక్కువగా మొక్కల్లో తయారయ్యే, నత్రజని ఉన్న పదార్థాలు. క్షారగుణం చూపుతాయి కనుక 1819లో జర్మనీకి చెందిన మైస్నర్ అనే రసాయనవేత్త వాటికి ఆ పేరు పెట్టాడు. తెలుగులో క్షారాభం అన్న మాట ఉంది. క్షారాన్ని పోలినది అని అర్థం. గోళం లాంటిది అనే అర్థమున్న గోళాభంలోని 'ఆభ'యే ఇది. మీ పత్రికకైతే ఆల్కలాయిడ్ అంటేనే సుళువుగా అర్థమవుతుంది. బహువచనం ఆల్కలాయిడ్లు, 'ఆల్కలాయిడ్సులు' వద్దు.

మీరు అడగకపోయినా, నాకు టెన్షన్ పుట్టించిన మాట 'గన్నేరు'. బిళ్ళగన్నేరు వేరు, గన్నేరు వేరు. రెండూ ఒకే కుటుంబంలోవే అయినా, గన్నేరులో ఉన్నది గుండెను దెబ్బతీసే గ్లైకోసైడ్ విషం. అది ఆల్కలాయిడే కాదు. గన్నేరుపప్పు మింగి ప్రాణం తీసుకున్నవాళ్ల సంగతి మన పల్లెల్లో ఎవరినడిగినా చెబుతారు. మీ వాక్యం చదివి ఎవరైనా పార్కులోని గన్నేరాకు కోసుకుని కషాయం కాస్తేనో? ఇక్కడ 'బిళ్ళ'ను వదిలేయడం ప్రమాదం.

'ఆకులోని క్షారాలు మందు' అన్న తీరూ సరికాదు. ఆకు నమిలినా మందే అనిపిస్తుంది. బిళ్ళగన్నేరు ఆకు నుంచి విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందు ఒక గ్రాము తీయాలంటే సుమారు 500 కిలోల ఎండుటాకు కావాలి. అలాంటిదే మరో మందు విన్‌క్రిస్టిన్ ఇంకా తక్కువ వస్తుంది. 1950లలో కెనడాలో నోబుల్, బీర్ అనే శాస్త్రవేత్తలు ఈ ఆకును మధుమేహానికి పనికొస్తుందేమోనని పరీక్షిస్తే, చక్కెర తగ్గలేదు, రక్తంలోని తెల్లకణాలు పడిపోయాయి. రక్తక్యాన్సర్‌లో అదుపు తప్పి పెరిగేవి ఎక్కువగా ఆ కణాలే కనుక, క్యాన్సర్ వైద్యానికి దారి అక్కడ దొరికింది. ఈ మందులను డాక్టర్లు కొలిచి రక్తనాళంలోకి ఎక్కిస్తారు. మోతాదు తప్పితే నరాలు, ఎముక మజ్జ దెబ్బతింటాయి. అందుకే 'వేరుచేసిన' అన్న మాట తప్పనిసరి.

ఇలా మార్చండి: "బిళ్ళగన్నేరు ఆకు నుంచి వేరుచేసిన విన్‌క్రిస్టిన్ అనే ఆల్కలాయిడ్‌ను రక్తక్యాన్సర్ చికిత్సలో వాడతారు."

నిత్యకల్యాణి చక్కని పేరు. తమిళనాడు దక్షిణ జిల్లాల్లో ఆ పేరుతోనే దీన్ని మందుల కోసం సాగు చేస్తారు. మొదటిసారి 'బిళ్ళగన్నేరు, అంటే ఇక్కడివాళ్ల నిత్యకల్యాణి' అని రాసి, ఆపైన బిళ్ళగన్నేరు అనే రాయండి.